సీడీఎస్ పెద్దా, డిఫెన్స్ సెక్రటరీ పెద్దా? రక్షణ శాఖలో ఎవరి మాట ఎక్కడ చెల్లుతుంది

అశోక్‌నగర్_ఆస్పిరెంట్

అందరికీ నమస్తే. సివిల్స్‌కి చదువుతున్నాను. రక్షణ శాఖ నిర్మాణం దగ్గరికొచ్చేసరికి తల తిరుగుతోంది. నా దగ్గరున్న ఒక నోట్సులో "త్రివిధ దళాలకు అధిపతి సీడీఎస్ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్)" అని ఉంది. ఇంకో నోట్సులో "సీడీఎస్ ఒక విభాగానికి కార్యదర్శి, దళాల మీద ఆజ్ఞాధికారం లేదు" అని ఉంది. రెండూ బాగా అమ్ముడుపోయేవే. ఆర్మీ చీఫ్ సీడీఎస్ మాట వినాలా, డిఫెన్స్ సెక్రటరీ మాట వినాలా? అసలు ఈ ఇద్దరిలో ఎవరు పెద్ద? తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి.

పాత_ఫైలు

రెండో నోట్సు దగ్గర పెట్టుకో తమ్ముడూ. నేను ఢిల్లీలో ఆ శాఖ సెక్షన్లలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను, కాబట్టి కొంచెం పొడుగ్గా చెబుతాను.

మనం రక్షణ శాఖ అనేదాంట్లో ఐదు విభాగాలున్నాయి. పాతది డిపార్ట్‌మెంట్ ఆఫ్ డిఫెన్స్. దానికి డిఫెన్స్ సెక్రటరీ అధిపతి, ఐఏఎస్ అధికారి. చైనా యుద్ధం నడుస్తుండగానే 1962 నవంబరులో ఆయుధాల తయారీ కోసం డిఫెన్స్ ప్రొడక్షన్ విభాగం పెట్టారు. 1980లో పరిశోధనకు ఒకటి, 2004లో మాజీ సైనికుల సంక్షేమానికి ఒకటి వచ్చాయి. చివరిది డిపార్ట్‌మెంట్ ఆఫ్ మిలిటరీ అఫైర్స్. అందరూ డీఎంఏ అంటారు. ఇది సీడీఎస్ పదవితో పాటు 2020 జనవరిలో మొదలైంది. దానికి కార్యదర్శి సీడీఎస్.

సీడీఎస్‌కి మూడు పనులు అప్పగించారు. ఒకటి డీఎంఏ కార్యదర్శి. రెండు, ముగ్గురు దళాధిపతులుండే చీఫ్స్ ఆఫ్ స్టాఫ్ కమిటీకి శాశ్వత ఛైర్మన్. మూడు, మూడు దళాలకూ సంబంధించిన విషయాల్లో రక్షణ మంత్రికి ముఖ్య సైనిక సలహాదారు. 2019 డిసెంబరు 24న కేబినెట్ ఈ పదవిని ఆమోదించినప్పుడే, ముగ్గురు చీఫ్‌లతో సహా ఎవరిమీదా ఆయనకు సైనిక కమాండ్ ఉండదని స్పష్టంగా చెప్పారు. తమ తమ దళాల గురించి చీఫ్‌లు మునుపటిలాగే నేరుగా మంత్రికి సలహా ఇస్తారు.

ఇక ఎవరు పెద్ద అన్నదానికి ప్రోటోకాల్ ప్రకారం సమాధానం చాలా తేలిక. ప్రాధాన్య క్రమ పట్టికలో సీడీఎస్, ముగ్గురు చీఫ్‌లు అంతా 12వ వరసలో ఉంటారు. కేబినెట్ సెక్రటరీ 11. మిగతా సెక్రటరీలు 23. ఆ లెక్కన డిఫెన్స్ సెక్రటరీ చాలా కింద. కానీ ఏ పని ఏ విభాగానిదో చెప్పే 1961 నాటి బిజినెస్ కేటాయింపు నియమాలు తెరిచి చూడు. "భారతదేశ రక్షణ, అందులోని ప్రతి భాగం రక్షణ" అనే మొదటి పద్దు, రక్షణ విధానంతో సహా, డిఫెన్స్ సెక్రటరీ విభాగం కిందే ఉంది. సైన్యం, నౌకాదళం, వాయుసేన మాత్రం డీఎంఏ కిందికి మారాయి. సామగ్రి కొనుగోళ్ళలో రెవెన్యూ పద్దువి, అంటే రోజువారీ ఖర్చువి, డీఎంఏకి ఇచ్చి, కొత్త విమానం, కొత్త ఓడ లాంటి మూలధన కొనుగోళ్ళు డిఫెన్స్ సెక్రటరీ వైపే ఉంచారు. కుర్చీ ఎత్తు వేరు, ఫైలు నడిచే దారి వేరు.

కారం_పొడి

అంటే చీఫ్ అని పేరు పెట్టి పవర్ మాత్రం ఐఏఎస్ లాబీ చేతిలో ఉంచారన్నమాట. ఈ దేశంలో కొత్తేముంది. సరిహద్దులో చలికి వణికేది ఒకడు, ఏసీ గదిలో కొర్రీ రాసేది ఇంకొకడు.

మాధవరం_సుబేదార్

కొర్రీలు రాసేవాళ్ళంటే నాకూ ప్రేమ లేదు గానీ, ఒక్క విషయం. యూనిట్‌లో ఉన్నన్నాళ్ళూ ఏ ఐఏఎస్ ఆర్డరూ మా దగ్గరికి రాలేదు. ఆర్డర్ వచ్చేది కమాండింగ్ ఆఫీసర్ నుంచి. ఆయనకు బ్రిగేడ్ నుంచి, బ్రిగేడ్‌కి డివిజన్ నుంచి, డివిజన్‌కి కోర్ నుంచి, కోర్‌కి ఆర్మీ కమాండర్ నుంచి. ఆయనకు పైన ఆర్మీ చీఫ్. చీఫ్‌కి పైన మంత్రి, కేబినెట్. ఈ గొలుసులో డిఫెన్స్ సెక్రటరీ లేడు, సీడీఎస్ కూడా లేడు.

దీనికి రుజువు కావాలా? మొదటి సీడీఎస్ జనరల్ రావత్ గారు 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. మన చిత్తూరు జిల్లా కుర్రాడు లాన్స్ నాయక్ సాయితేజ కూడా అందులోనే పోయాడు. ఆ తర్వాత 2022 సెప్టెంబరు 30న జనరల్ అనిల్ చౌహాన్ వచ్చేదాకా తొమ్మిది నెలలకు పైగా సీడీఎస్ కుర్చీ ఖాళీ. చీఫ్‌లలో సీనియర్ అయిన జనరల్ నరవణే, 2022 ఏప్రిల్‌లో రిటైరయ్యేదాకా, చీఫ్‌ల కమిటీ ఛైర్మన్‌గా వ్యవహరించారు. లద్దాఖ్‌లో చైనా ఎదురుగా వేల మంది నిలబడి ఉన్న రోజులవి. ఒక్క ఆర్డరూ ఆగలేదు. కమాండ్ ఆ కుర్చీ మీదుగా నడిచేదే అయితే అన్నాళ్ళు ఖాళీగా ఉంచగలిగేవారా?

మా ఊరిని మిలిటరీ మాధవరం అంటారని మీకు తెలుసు. ఇక్కడ అరుగు మీద కూర్చుని ఎవరు ఎవరికి శాల్యూట్ కొట్టాలో చెప్పమంటే చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఏ ఫైలు ఎవరు సంతకం చేస్తే కదులుతుందో మాత్రం సుబేదార్ మేజర్‌గా దిగినవాళ్ళకు కూడా తెలీదు.

బ్రాడీపేట

సుబేదార్ గారి గొలుసు ఈనాటిది. 1962లో అది ఎలా తెగిందో చెబుతాను. అందులో మన గుంటూరు పాత్ర కూడా ఉంది.

1962 సెప్టెంబరు 22. అప్పటికే ఈశాన్య సరిహద్దులో థాగ్ లా అనే కొండ గట్టు కింద చైనా దళాలు దిగి ఉన్నాయి. నెహ్రూ విదేశంలో ఉన్నారు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్ న్యూయార్క్‌లో, ఐక్యరాజ్య సమితిలో. ఢిల్లీలో సమావేశానికి అధ్యక్షత వహించింది మీనన్ కింద మంత్రిగా ఉన్న కొత్త రఘురామయ్య, మన గుంటూరు ఎంపీ. అప్పటి డిఫెన్స్ సెక్రటరీ ఓ. పుల్లారెడ్డి కూడా తెలుగువారే. అక్కడ దాడి చేస్తే చైనా లద్దాఖ్‌లో తిరిగి కొడుతుందని ఆర్మీ చీఫ్ జనరల్ థాపర్ హెచ్చరించాడు. అయినా చైనీయులను తరిమేయాలన్నారు. అయితే రాతపూర్వకంగా ఇవ్వండి అన్నాడు థాపర్. ఇచ్చారు. ఆ కాగితం మీద ప్రధాని సంతకం లేదు, మంత్రి సంతకం లేదు. చేసింది హెచ్.సి. సరీన్ అనే జాయింట్ సెక్రటరీ.

దేశం యుద్ధంలోకి దిగే ఆర్డర్ మీద జాయింట్ సెక్రటరీ సంతకం! దాన్ని తీసుకుని చీఫ్ వెళ్ళిపోయాడు. అక్టోబరు 20న చైనా విరుచుకుపడింది, థాపర్ చెప్పినట్టే లద్దాఖ్‌లో కూడా. నవంబరు ముగిసేసరికి మీనన్, థాపర్ ఇద్దరూ లేరు, పుల్లారెడ్డి స్థానంలో పి.వి.ఆర్. రావు వచ్చారు. రఘురామయ్యకు మాత్రం, పాత_ఫైలు గారు చెప్పిన కొత్త డిఫెన్స్ ప్రొడక్షన్ విభాగం దక్కింది.

పాత_ఫైలు

బ్రాడీపేట గారూ, ఆ సంతకం సంగతి మా శాఖలో చేరిన ప్రతివాడూ వింటాడు. ఒక్కటి జోడిస్తాను. జాయింట్ సెక్రటరీ సంతకం అంటే ఆయన సొంత నిర్ణయం అని అర్థం కాదు. కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వులన్నీ రాష్ట్రపతి పేరిట వెలువడతాయి, వాటిని ధ్రువీకరించే అధికారం ఆ స్థాయి అధికారులకు ఉంటుంది. నిర్ణయం మంత్రులది, ధ్రువీకరణ అధికారిది. ఆ రోజు జరిగిన అసలు తప్పు నిర్ణయంలో ఉంది. సలహా ఇవ్వాల్సిన మనిషి సలహా ఇచ్చాడు, దాన్ని పక్కన పెట్టారు, ఆయన నోరు మూసుకుని కాగితం అడిగాడు.

అక్కడి నుంచి ఒక అలిఖిత ఒప్పందం మొదలైంది. యుద్ధం చేయాలా వద్దా అన్నది రాజకీయ నాయకత్వం చెబుతుంది, ఎలా చేయాలన్నది దళాలే చూసుకుంటాయి. డబ్బు, నియామకాలు, కొనుగోళ్ళు మంత్రిత్వ శాఖ చేతిలో. దీనివల్ల ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టడం తగ్గింది. కానీ దళాల మధ్య సమన్వయం ఎవరూ అడగని విషయం అయిపోయింది. మూడు దళాలూ మూడు రాజ్యాల్లా పెరిగాయి. నా ఉద్దేశంలో ఇవాళ్టి గొడవంతా దాని ఫలితమే.

అశోక్‌నగర్_ఆస్పిరెంట్

సర్, ఇది ఏ పుస్తకంలోనూ ఇలా లేదు. ఒక డౌట్. స్వాతంత్ర్యానికి ముందు కమాండర్ ఇన్ చీఫ్ ఉండేవాడు కదా, అతను అన్ని దళాలకూ అధిపతే కదా? మరి మనం దాన్నెందుకు వదులుకున్నాం?

బ్రాడీపేట

వదులుకోవడానికి పెద్ద కారణమే ఉంది. బ్రిటిష్ కాలంలో కమాండర్ ఇన్ చీఫ్ వైస్రాయ్ కౌన్సిల్లో సభ్యుడు కూడా, అంటే సేనాధిపతీ రక్షణ మంత్రీ ఒకడే. కమాండర్ ఇన్ చీఫ్ కిచెనర్ ఈ అధికారం మొత్తం తన చేతికి రావాలని పట్టుబట్టి వైస్రాయ్ కర్జన్‌తో గొడవపడ్డాడు. లండన్ కిచెనర్ పక్షం వహించింది, కర్జన్ 1905లో రాజీనామా చేశాడు. 1946లో తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడి బల్దేవ్ సింగ్ రక్షణ బాధ్యత తీసుకునేదాకా అదే పద్ధతి.

1947లో మూడు దళాలకూ వేర్వేరు కమాండర్ ఇన్ చీఫ్‌లను పెట్టారు. మౌంట్‌బాటన్ సిబ్బందికి అధిపతిగా ఉన్న లార్డ్ ఇస్మే సూచనతో కేబినెట్ రక్షణ కమిటీ, మంత్రి కమిటీ, చీఫ్‌ల కమిటీ అని మూడు అంచెలు వచ్చాయి. 1955లో చట్టం చేసి ఆ పదవి పేరే చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా మార్చారు. సర్వోన్నత సైన్యాధిపత్యం రాజ్యాంగం 53వ అధికరణ ప్రకారం రాష్ట్రపతిది కదా. పొరుగు దేశాల్లో జనరళ్ళు గద్దెలెక్కడం చూశాక ఒకే మనిషి చేతిలో మూడు దళాలు పెట్టడానికి ఏ ప్రధానీ తొందరపడలేదు. ఆ భయం ఇప్పుడు అవసరమా అన్నది వేరే చర్చ.

జమాఖర్చుల_లక్ష్మి

అందరూ కమాండ్ గురించే మాట్లాడుతున్నారు, డబ్బు గురించి ఎవరూ ఎత్తలేదు. నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పని చేశాను.

రక్షణ బడ్జెట్ పార్లమెంటుకు నాలుగు డిమాండ్లుగా వెళ్తుంది. రక్షణ శాఖ సివిల్, దళాల రెవెన్యూ ఖర్చు, మూలధన వ్యయం, పింఛన్లు. 2025-26లో మొత్తం 6.81 లక్షల కోట్లు. అందులో దళాల రెవెన్యూ ఖర్చు 3.11 లక్షల కోట్లు, మూలధనం 1.80 లక్షల కోట్లు, పింఛన్లు 1.61 లక్షల కోట్లు. సివిల్ పద్దు 28 వేల కోట్ల పైచిలుకు, అందులోనే కోస్ట్ గార్డ్, సరిహద్దు రోడ్లు కూడా. అంటే కొత్త ఆయుధాలకు పెట్టేదీ, రిటైరైనవాళ్ళకు ఇచ్చేదీ ఇంచుమించు దగ్గరదగ్గరగా ఉన్నాయి. 2022 జూన్‌లో అగ్నిపథ్, అంటే పింఛను లేని నాలుగేళ్ళ సైనిక నియామకం, ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవాలంటే ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. ప్రభుత్వం చెప్పిన కారణం దళాలను యువకులతో నింపడం. పింఛను భారం ప్రస్తావన లేకుండా దాని గురించి మాట్లాడటం మాత్రం నాకు చేతకాదు.

ఇక కారం_పొడి గారి కొర్రీల విషయం. పెద్ద కొనుగోలు ముందు మంత్రి అధ్యక్షతన ఉండే డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. అక్కడ సీడీఎస్, చీఫ్‌లు, సెక్రటరీలు అందరూ ఉంటారు. ఫలానాది అవసరమే అని అక్కడ ఒప్పుకున్నాకే టెండరు. తర్వాత సాంకేతిక పరిశీలన, ఫీల్డ్ పరీక్షలు, ధర బేరం, ఆర్థిక విభాగం సమ్మతి, మరీ పెద్దదైతే భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ. ఆలస్యం అంతా సివిల్ వైపే అనుకోవద్దు. ఎలాంటి పరికరం కావాలో రాసిచ్చేది దళమే. ప్రపంచంలో ఏ కంపెనీ దగ్గరా లేని గుణాలన్నీ ఒకే పరికరంలో కావాలని రాసిస్తే, పరీక్షల్లో ఎవరూ నెగ్గరు, టెండరు రద్దు, మళ్ళీ మొదటికి. అలాంటి ఫైళ్ళు నా బల్ల మీదుగానే పోయాయి. సివిల్ వాళ్ళ దగ్గర ఆలస్యం లేదని కాదు. బోఫోర్స్ తర్వాత ఎవరికి వాళ్ళు "నా సంతకం చివరిది కాకూడదు" అనుకోవడం మొదలైంది. అది రెండు వైపులా ఉంది.

కారం_పొడి

లక్ష్మి గారూ మీ మాట ఒప్పుకుంటాను గానీ, మూడేళ్ళు వ్యవసాయ శాఖలో ఉండి వచ్చిన జాయింట్ సెక్రటరీకి ఫిరంగి గురించి ఏం తెలుస్తుందండీ? అది చెప్పండి ముందు.

పాత_ఫైలు

ఈ ప్రశ్న న్యాయమైనదే. కార్గిల్ తర్వాత సుబ్రహ్మణ్యం కమిటీ, దాని మీద 2001లో వచ్చిన మంత్రుల బృందం నివేదిక కూడా దీని చుట్టూనే తిరిగాయి. శాఖలో సైనికులు, దళాల ప్రధాన కార్యాలయాల్లో సివిల్ వాళ్ళు కలిసి కూర్చోవాలన్నారు. అప్పుడు చేసిందేమిటంటే ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ పేరును "రక్షణ శాఖ సమీకృత ప్రధాన కార్యాలయం, ఆర్మీ" అని మార్చారు. బోర్డు మారింది, ఫైలు మాత్రం పాత దారినే పోయింది. డీఎంఏ వచ్చాక మాత్రం నిజంగా మార్పుంది. అక్కడ యూనిఫాంలో ఉన్నవాళ్ళే జాయింట్ సెక్రటరీలుగా కూర్చుని నోటింగ్ రాస్తున్నారు. అయితే విభాగం వాళ్ళది అయింది గానీ, డిఫెన్స్ సెక్రటరీ విభాగంలో సైనికులు చేరలేదు. కలపమంటే పక్కన ఇంకో గది కట్టారు.

అన్నట్టు, ఐఏఎస్ అంటే ఏమీ తెలియనివాళ్ళనే మాట అందరికీ వర్తించదు. 2022 నవంబరు నుంచి 2024 అక్టోబరు దాకా డిఫెన్స్ సెక్రటరీగా ఉన్న గిరిధర్ అరమనె మన ఆంధ్రప్రదేశ్ కేడరే, ఇంజినీరింగ్ చదువుకున్నవారు. ఐదుగురు కార్యదర్శులూ ఐఏఎస్‌లు కారు కూడా. పరిశోధన విభాగానికి కార్యదర్శి డీఆర్‌డీఓ ఛైర్మనే, శాస్త్రవేత్త. 2018 నుంచి 2022 దాకా ఆ పదవిలో ఉన్న సతీశ్ రెడ్డి గారు మన నెల్లూరు జిల్లావారు.

ఎద్దుమైలారం

మమ్మల్ని మరిచిపోయారు. మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. సైనికులను మోసుకెళ్ళే బీఎంపీ సాయుధ బండ్లు తయారయ్యేది ఇక్కడే. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి, 41 ఫ్యాక్టరీలు ఏడు కంపెనీలయ్యాయి. మాది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వెళ్ళింది, హెడ్డాఫీసు ఆవడిలో. హైదరాబాద్‌లో బీడీఎల్, మిధాని, విశాఖలో హిందుస్తాన్ షిప్‌యార్డ్ లాగే మేమూ ఇప్పుడు డిఫెన్స్ ప్రొడక్షన్ విభాగం కింద ఒక పీఎస్‌యూ. పాత ఉద్యోగులం మాత్రం డీమ్డ్ డెప్యుటేషన్ మీద ఉన్నాం, అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులమే, పని కంపెనీలో. ఇది ఎంత కాలం అని అడిగితే సమాధానం పొడిగింపు ఉత్తర్వు రూపంలో వస్తూ ఉంటుంది.

బీచ్‌రోడ్

విశాఖ నుంచి నా రెండు మాటలు. ఒక మ్యాపు తీసుకోండి. ఆర్మీ ఈస్టర్న్ కమాండ్ కోల్‌కతాలో. వాయుసేన ఈస్టర్న్ కమాండ్ షిల్లాంగ్‌లో. నౌకాదళం ఈస్టర్న్ కమాండ్ మా ఊళ్ళో. ముగ్గురూ తూర్పే, ముగ్గురి కార్యాలయాలూ మూడు రాష్ట్రాల్లో, ముగ్గురి సరిహద్దు గీతలూ వేరు. ఆర్మీకి ఏడు, వాయుసేనకు ఏడు, నౌకాదళానికి మూడు, మొత్తం 17 కమాండ్‌లు. వీటిలో ఏ రెండూ ఒకే చోట లేవు. వీటిపైన మూడు దళాలకూ కలిపి ఉన్నవి రెండే: 2001లో వచ్చిన అండమాన్ నికోబార్ కమాండ్, అణ్వాయుధాలు చూసే స్ట్రాటెజిక్ ఫోర్సెస్ కమాండ్.

సీడీఎస్ పదవి పెట్టిందే ఈ 17ని కొన్ని థియేటర్ కమాండ్‌లుగా, అంటే ఒక ప్రాంతంలోని మూడు దళాలూ ఒకే కమాండర్ కింద ఉండేలా, కలపడానికి. అందుకు మూడేళ్ళని మొదట అనుకున్నారు. మూడేళ్ళు 2022 చివరికే అయిపోయాయి. పెద్దా చిన్నా అని లెక్కలేసుకునే ముందు ఈ పని ఎందుకు ఆగిందో అడగండి.

నీలాకాశం

నేను వాయుసేనలో చేశాను, మావాళ్ళ వాదన కూడా వినండి. మాకు మంజూరైన ఫైటర్ స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబరులో మిగ్-21లు దిగిపోయాక మిగిలినవి 29. ఉన్న కొద్దిపాటిని పశ్చిమ థియేటర్‌కి ఇన్ని, ఉత్తర థియేటర్‌కి ఇన్ని అని పంచేస్తే రేపు రెండో వైపు అవసరమైతే ఎవరిని అడగాలి? విమానం పొద్దున పంజాబ్‌లోని హల్వారాలో ఉంటుంది, సాయంత్రానికి అస్సాంలోని తేజ్‌పూర్ చేరుతుంది. దాన్ని ఒక ప్రాంతానికి కట్టేయడమంటే దాని బలాన్నే తీసేసుకోవడం. గగనతల రక్షణ కూడా దేశం మొత్తానికీ ఒకటే ఉండాలి. 2025 ఆగస్టులో మధ్యప్రదేశ్‌లోని మౌలో జరిగిన సదస్సులో వాయుసేనాధిపతి ఏ.పి. సింగ్ తొందరపడొద్దని బహిరంగంగానే చెప్పారు, ముందు ఢిల్లీలో ఉమ్మడి ప్రణాళికా కేంద్రం చాలన్నారు. సీడీఎస్ కూడా భిన్నాభిప్రాయాలున్నాయని దాచలేదు. ఆపరేషన్ సిందూర్‌లో థియేటర్ కమాండ్ లేకుండానే మూడు దళాలూ కలిసి పని చేశాయి కదా అన్నది మా పక్షం.

మాధవరం_సుబేదార్

నీలాకాశం గారూ, నాలుగు రోజుల పోరుకు ఫోన్లలో మాట్లాడుకుని సర్దుకోవచ్చు. నాలుగు నెలలు సాగితే?

పోటోమాక్_తెలుగు

వర్జీనియాలో ఉంటాను, పెంటగాన్ చుట్టుపక్కల కాంట్రాక్టు పనులు. ఇక్కడి లెక్క చెబితే మీ చర్చకు పనికొస్తుందేమో.

అమెరికాలో కూడా జాయింట్ చీఫ్స్ ఛైర్మన్‌కి కమాండ్ లేదు. ఆయన సలహాదారే. ఆదేశం అధ్యక్షుడి నుంచి రక్షణ మంత్రికి, అక్కడి నుంచి నేరుగా యుద్ధం నడిపే కంబాటెంట్ కమాండర్లకు వెళ్తుంది. 1986లో వచ్చిన గోల్డ్‌వాటర్-నికల్స్ చట్టం దీన్ని ఖరారు చేసింది. ఆర్మీ చీఫ్, నేవీ చీఫ్ అందరూ సైనికులను తయారు చేసి, శిక్షణ ఇచ్చి, ఆయుధాలు సమకూర్చి అప్పగిస్తారు. యుద్ధం నడిపేది వాళ్ళు కాదు. పౌర ఆధిపత్యం గురించి ఎంత పట్టుదలంటే, మంత్రి అయ్యే మాజీ సైనికాధికారి సైన్యం వదిలి కనీసం ఏడేళ్ళు, జనరల్ స్థాయి వాడైతే ఇప్పుడు పదేళ్ళు, అయి ఉండాలని చట్టం. మాజీ జనరళ్ళు మాటిస్‌కి, ఆస్టిన్‌కి కాంగ్రెస్ ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది.

కాబట్టి సీడీఎస్‌కి కమాండ్ లేకపోవడంలో వింతేం లేదు. మన దగ్గర తేడా కింద ఉంది. మన చీఫ్‌లే సైన్యాన్ని తయారు చేస్తారు, వాళ్ళే యుద్ధం నడుపుతారు. థియేటర్ కమాండ్‌లు వస్తే చీఫ్‌ల చేతిలోంచి ఆ రెండోది పోతుంది. ఏ చీఫ్ ఇష్టపడి ఇస్తాడు చెప్పండి? ఇక్కడ కూడా దళాలన్నీ వ్యతిరేకించాయి, కాంగ్రెస్ చట్టం చేసి మెడలు వంచింది. చైనాలో 2016లో ఏడు సైనిక ప్రాంతాలను ఐదు థియేటర్లు చేశారంటే అక్కడ ఎవరినీ ఒప్పించాల్సిన పని లేదు.

పాత_ఫైలు

పోటోమాక్ గారు సరైన చోట వేలు పెట్టారు. పెళ్ళికి పెద్ద ఒకరు, డబ్బు సంచి ఇంకొకరి నడుముకు, వంటవాళ్ళకు చెప్పేది మూడో మనిషి అన్నట్టుంది మన ఏర్పాటు. అది కావాలనే అలా పెట్టుకున్నది. సలహా సీడీఎస్‌ది, కమాండ్ చీఫ్‌లది, మూలధనం డిఫెన్స్ సెక్రటరీది. ముగ్గురూ మంత్రి గదిలోనే కలవాలి. మంత్రి దీని మీద సమయం పెడితే నడుస్తుంది, పెట్టకపోతే ఎవరి గదిలో వాళ్ళుంటారు. చార్టులో ఇది కనబడదు.

చట్టం వైపు కొంత కదలిక ఉంది. పహ్రా కాసే సైనికుడు తప్పు చేస్తే ఆర్మీ చట్టం, వైమానికుడైతే 1950 నాటి వాయుసేన చట్టం, నావికుడైతే 1957 నేవీ చట్టం. అండమాన్‌లో నేవీ కమాండర్ కింద పనిచేసే ఆర్మీ జవానుపై క్రమశిక్షణ చర్య అంటే అతన్ని సొంత దళానికి పంపాల్సి వచ్చేది. 2023లో పార్లమెంటు ఆమోదించిన ఇంటర్ సర్వీసెస్ ఆర్గనైజేషన్స్ చట్టం 2024 మే 10న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఉమ్మడి సంస్థ కమాండర్ ఏ దళం వాడైనా తన కింది వాళ్ళందరి మీదా చర్య తీసుకోవచ్చు. 2025 జూన్‌లో మూడు దళాలకూ కలిపి ఉమ్మడి ఆదేశాలు జారీ చేసే అధికారం రక్షణ మంత్రి సీడీఎస్‌కి ఇచ్చారు. అంతకుముందు మూడు దళాలకూ సంబంధించిన ఆదేశాన్ని కూడా మూడు సార్లు, మూడు చోట్ల విడివిడిగా వెలువరించేవారు.

తిరుమలగిరి_వాసి

ఢిల్లీదాకా ఎందుకు, సికింద్రాబాద్ రండి. కంటోన్మెంట్ బోర్డుకు అధ్యక్షుడు యూనిఫాంలో ఉన్న బ్రిగేడియర్. సీఈఓ మాత్రం రక్షణ భూములు చూసే డిఫెన్స్ ఎస్టేట్స్ సర్వీసు నుంచి వచ్చిన సివిల్ అధికారి, డిఫెన్స్ సెక్రటరీ విభాగం మనిషి. 2006 చట్టం ప్రకారం ఎన్నికైన సభ్యులూ ఉండాలి, కానీ ఇక్కడ వాళ్ళ గడువు 2021లో ముగిసింది. రోడ్డు మూస్తే లోకల్ మిలిటరీ అథారిటీ, నల్లా కనెక్షన్ కావాలంటే సీఈఓ, ఇల్లు కట్టుకోవాలంటే ఎవరి భూమో తేలాలి. రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్‌కి రక్షణ భూమి అడిగి ఏళ్ళు గడిచాక 2024లో గానీ అనుమతి రాలేదు.

అశోక్‌నగర్_ఆస్పిరెంట్

అందరికీ చాలా థాంక్స్. ఇంకొక్కటి అడిగి వదిలేస్తాను. బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్, ఐటీబీపీ ఇవన్నీ ఈ చార్టులో ఎక్కడ?

నీలాకాశం

అసలు లేవు. అవన్నీ హోం శాఖవి. కోస్ట్ గార్డ్ ఒక్కటి రక్షణ శాఖ కింద ఉంటుంది. అస్సాం రైఫిల్స్ చూస్తే నవ్వొస్తుంది, జీతం, పాలన హోం శాఖది, ఆపరేషన్లకు ఆర్మీ కింద.

నిర్వాహకుడు

దారం చక్కగా సాగింది. అగ్నిపథ్ మీద వాదించాలనుకునేవాళ్ళు దానికున్న వేరే దారంలో రాయండి. ఇక్కడ ఒక వ్యాఖ్య వ్యక్తిగత దూషణ ఉండటంతో తొలగించాను.

మాధవరం_సుబేదార్

మూసేముందు ఒక సాయం. మా వీధిలో ఒక హవల్దార్ భార్య ఉంది, ఆయన పోయి కొన్ని నెలలైంది. ఫ్యామిలీ పింఛను ఇంకా మొదలవలేదు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు పేరు చెబుతోంది. లక్ష్మి గారూ, ఇది ఏ విభాగం కిందికి వస్తుంది? ఎవరిని పట్టుకోవాలి?

జమాఖర్చుల_లక్ష్మి

మూడు విభాగాలు సుబేదార్ గారూ, అందుకే తిప్పుతున్నారు. పింఛను నియమాలు మాజీ సైనికుల సంక్షేమ విభాగానివి. ఆయన సర్వీసు కాగితాలు ఆర్మీ రికార్డు ఆఫీసులో ఉంటాయి, అది డీఎంఏ వైపు. డబ్బు మంజూరు చేసి వేసేది ప్రయాగ్‌రాజ్‌లోని పింఛన్ల కంట్రోలర్, అది మా డిఫెన్స్ అకౌంట్స్. ముందు రక్షణ పింఛన్లు చూసే స్పర్శ్ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఆయన మరణం నమోదైందో లేదో చూడండి, ఎక్కువ కేసులు అక్కడే ఆగుతాయి. ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ డిశ్చార్జ్ బుక్‌లోనూ ఒకేలా ఉన్నాయా అన్నది రెండోది. తేడా ఉంటే పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో కుటుంబ వివరాలు నమోదు చేసే ఉత్తర్వు) సవరణ కోసం రికార్డు ఆఫీసుకు రాయాలి, ప్రయాగ్‌రాజ్‌కి ఎన్ని ఉత్తరాలు రాసినా లాభం లేదు. డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు), మరణ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళమనండి. అది రాష్ట్ర ప్రభుత్వానిదే అయినా రికార్డు ఆఫీసుకు కేసు పంపించే పని వాళ్ళదే. పీపీఓ నంబరు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా మెసేజ్ చేయండి.